చదరంగపు గుఱ్ఱము: రూపము, నడక, చిత్రము

గుంతకల్లు నుండి హుబ్బళ్ళికి పోవు రైలుమార్గమున బళ్ళారి గడచి, హొసపేట చేరకమునుపే తోరణగల్లు తగులును. కల్లు అనగా కన్నడమున రాయి. తోరణ శబ్దముతో కలిసినప్పుడు కకారము గకారమైనది. గసడదవాదేశము చదివిన తెలుగువానికి ఇందు వింత లేదు. తోరణము కట్టిన రాయియో, తోరణమువలె నిలిచిన రాయియో, ఏదైనను ద్వారమును తలపించు పేరే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు నాటి బళ్ళారి జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. తక్కినవి మైసూరు రాష్ట్రమున చేరినవి. సండూరు సీమలోని తోరణగల్లు ఆవలి పక్షమునకు పోయినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ మొదలగువారు తెలుగు నాటకమును పెంచిన గడ్డ ఇది. సరిహద్దు మారినను అచ్చటి ఇండ్లలో తెలుగు మాట ఆగలేదు.

ఈ తోరణగల్లు చెంత విద్యానగరమున 2024 ఫిబ్రవరిలో హంపి ఆర్ట్ ల్యాబ్స్ అను కళాకేంద్రము వెలసినది. సమీప్ పడోరా అను వాస్తుశిల్పి దానిని నిర్మించెను. ఇనుపఖనిజపు ధూళితో ఎఱ్ఱబారిన నేలపై నేటి చిత్రకారులు వచ్చి పనిచేయుటకు, చేసినది చూపుటకు ఒక చోటు ఏర్పడుట సంతోషకరమే. అయితే ఇట్టి చోట్ల నైరూప్యచిత్రముల యెదుట నిలిచిన మనవారి నోట తఱచుగా వెలువడు ప్రశ్న యొకటి కలదు: 'ఇందులో బొమ్మ యేది?' దానివెంట నడచు తీర్పు కూడ ఒకటి కలదు. ఆకారమును విడిచిన చిత్రము పడమటినుండి దిగుమతియైన వేడుక యనియు, మన సంప్రదాయమునకు దానితో పొత్తు లేదనియు ఆ తీర్పు. ఈ తీర్పు సరియైనదా కాదా అని తేల్చుటకు సిద్ధాంతములకంటె ఒక చిన్న వస్తువును పట్టుకొని దాని చరిత్రను వెదకుట మేలని నాకు తోచినది. ఆ వస్తువు చదరంగపు గుఱ్ఱము.

చతురంగమనగా రథ గజ తురగ పదాతులు. ఆటకు సేన పేరే పెట్టిరి. 7వ శతాబ్దమున బాణభట్టు హర్షచరిత్రములో, ఆ రాజు పాలనమున చతురంగముల కూర్పు అష్టాపదముపైననే నేర్వదగి యుండెనని శ్లేషించినాడు. అష్టాపదము ఎనిమిదేసి గళ్ల పలక. అనగా నాటికే ఆట లోకమునకు తెలిసినదన్న మాట. ఆ తరువాత ఆట పారసీకమునకు, అరబ్బు దేశములకు, అచ్చటినుండి ఐరోపాకు పోయినది. పోయిన చోటులనెల్ల పావులకు పేర్లు మాఱినవి. మంత్రి ఐరోపాలో రాణియయ్యెను. ఏనుగు ఒకచోట మతాచార్యుడు, మఱియొకచోట విదూషకుడు అయ్యెను. మన దేశముననే ఒక ప్రాంతపు ఏనుగు వేఱొక ప్రాంతమున రథమగును. తెలుగువారు మూలనున్న పావును ఏనుగనియు, మంత్రి రాజుల ప్రక్కనున్న దానిని శకటమనియు అందురు. మంత్రి నడక, శకటపు నడక 15వ శతాబ్దపు చివర ఐరోపాలో పూర్తిగ మాఱిపోయినవి. గుఱ్ఱము మాత్రము ఎచ్చటకు పోయినను గుఱ్ఱమే. దాని నడకయు మాఱలేదు. రెండు గళ్లు తిన్నగా, ఒక గడి ప్రక్కకు. మధ్యనెవ్వరున్నను దాటిపోవును. పదమూడు పదునాలుగు శతాబ్దులుగా చెక్కుచెదరని ఆచారము మానవుని ఆటలలో అరుదు.

తోరణగల్లుకు పడమట హంపి యున్నది. అచ్చటి హజారరామాలయపు ప్రాకారకుడ్యమును వెలుపలినుండి చూచినవారికి నేను చెప్పబోవునది సులభముగా తోచును. ఆ గోడపై అడ్డవరుసలుగా శిల్పములు చెక్కిరి. అడుగున ఏనుగుల బారు, దానిపై గుఱ్ఱముల బారు, దానిపై భటులు, ఆపైన ఆటకత్తెలు. ఒక్కొక్క గుఱ్ఱమును విడిగా చూచిన సజీవము. బారుగా చూచిన ఒకే ఆకారము మరల మరల వచ్చి అల్లికవలె మాఱును. కండ్లు మొదట గుఱ్ఱమును చూచి, కొంతసేపటికి గుఱ్ఱమును మఱచి లయను చూచును. రథము మాత్రము ఆ బారులలో వరుసగా నిలువలేదు. విజయనగర కాలమునకు యుద్ధమున రథము పోయి చాల దినములైనది. అది విఠలాలయమున రాతిరథమై దేవునికి మిగిలినది.

గుఱ్ఱమన్న ఆ రాజ్యమునకు ప్రాణము. మహానవమి దిబ్బపై పరదేశులు గుఱ్ఱములను నడిపించుకొనివచ్చు దృశ్యములు నేటికిని చూడవచ్చును. పోర్చుగీసువాడైన నూనిజు, రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెననియు, వానిలో మేలైనవి తన సాలలో నిలుపుకొని తక్కినవి దండనాయకులకు ఇచ్చుచుండెననియు వ్రాసెను. ఓర్మజు నుండి ఓడలపై వచ్చు గుఱ్ఱములకు ఆ కాలమున రాజ్యములే పోటీపడినవి. అట్టి నగరమున చదరంగపు పలకపై గుఱ్ఱమును కదపువానికి అది వట్టి కొయ్యముక్కగా తోచి యుండదు.

ఆ పలక ప్రక్కన మనకొక తెలుగు కవి కనబడుచున్నాడు. ప్రసన్నరాఘవమును తెలుగున రచించిన బొడ్డుచర్ల తిమ్మన కృష్ణదేవరాయల చదరంగపు జోడు అని ప్రసిద్ధి. నూరుగురు ఒక్కటై యెదిరించినను అతడే గెలుచునని చెప్పు చాటువొకటి మనవారి నోళ్లలో నిలిచినది. ఆటలో మెప్పించి కొప్పోలు గ్రామమును అగ్రహారముగా పొందెనని కూడ చెప్పుదురు. చాటువు చాటువే గాని శాసనము కాదు. దానిని పట్టుకొని తేదీలు కట్టరాదు. అయినను ఒక్క సంగతి మాత్రము దానివలన నిలుచును. రాయలంతటివానిని అతని కొలువులోని బ్రాహ్మణుడొకడు పలకపై నిత్యము ఓడించుట తప్పు కాదనియు, అది మెచ్చి పాడదగిన విషయమనియు ఆ కాలపు తెలుగువారు తలచిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల జాబితాలకంటె జనుల ఆటపాటలే చరిత్రకు ముఖ్యమని చూపిన పిదప గాని ఇట్టి చాటువులను చరిత్రకారులు మన్నించుట అలవడలేదు.

ఇక పావు రూపమును గూర్చి. సమర్ఖండు చెంత అఫ్రాసియాబు త్రవ్వకములలో 1977లో దొరకిన దంతపు పావులు మనకు తెలిసిన వానిలో మిక్కిలి ప్రాచీనములు. వానిలో గుఱ్ఱముపై రౌతు స్పష్టముగా ఉన్నాడు. కొన్ని శతాబ్దులు గడచిన పిదప, 12వ శతాబ్దమున పారసీకపు నిషాపూరులో చేసిన పావుల జత యొకటి ఇప్పుడు న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నున్నది. అందు రౌతు లేడు, కాళ్లు లేవు, తోక లేదు. గుండ్రని దిమ్మ, దానిపై ఒక ప్రక్కకు పొడుచుకొనివచ్చిన చిన్న మొన. అంతే గుఱ్ఱము. ఇస్లాము ప్రాణిరూపములను నిరసించుటవలన ఇట్లయ్యెనని సాధారణముగా చెప్పుదురు. అది కొంత నిజము. కాని నా యభిప్రాయమున తరిమెన పట్టిన పనివాని సౌకర్యము కూడ దీనికి అంతే కారణము. రాజు, మంత్రి, బంటు ఇవన్నియు తరిమెనపై త్రిప్పి చేయదగినవి. గుఱ్ఱము ఒక్కటే త్రిప్పుటకు లొంగదు. దానికి ముఖము ఒకవైపే యుండవలెను. 1849లో లండనున జాక్వెస్ వారు స్టాంటన్ అను ఆటగాని పేర ప్రచారము చేసిన పావులే నేడు లోకమంతట వాడుకలో నున్నవి. వానిలో కూడ తక్కినవన్నియు తరిమెన పనియే. గుఱ్ఱమును మాత్రము చేతితో చెక్కవలెను. ఆ తలకు ఏథెన్సులోని పార్థెనాను శిల్పపు గుఱ్ఱములు మాదిరి. పావుల జత ధరను చాలవఱకు నిర్ణయించునది నేటికిని గుఱ్ఱపు తలయే. అమృతసరపు కొయ్యపనివారికి ఈ సంగతి బాగుగా తెలియును. దంతమును, కొమ్మును పొదిగిన ఆటబల్లలను, పెట్టెలను దొరల యిండ్లకు పంపిన మన విశాఖపట్టణపు పనివారికిని తెలిసియుండును.

కనుక రూపమును తగ్గించి తగ్గించి ఒక గుర్తుగా మార్చు పని చిత్రకారులకంటె ముందు ఆటబొమ్మలు చేయువారే చేసిరి. ఆ మొన పొడుచుకొనివచ్చిన దిమ్మను చూచి 'ఇందులో గుఱ్ఱమేది?' అని ఏ ఆటగాడును అడిగియుండడు. ఆడువానికి అది గుఱ్ఱమే.

అయితే ఇది కథలో సగమే. మనవారు వేఱొక దారి పట్టిరి. వారు గుఱ్ఱపు దేహమును విడిచి, దాని నడకను పట్టిరి. 9వ శతాబ్దమున కాశ్మీరమున రుద్రటుడు తన కావ్యాలంకారములో తురగపదబంధమును చూపెను. అనుష్టుప్పునకు 32 అక్షరములు. ఎనిమిదేసి గళ్ల వరుసలు నాలుగు తీసికొనిన అది సగము చదరంగపు పలక. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరమును ఉంచి వరుసగా చదివిన శ్లోకమగును. మూలనుండి గుఱ్ఱపు నడకతో గడి వెంట గడి దూకుచు చదివినను మరల శ్లోకమే యగును. సుమారు అదే కాలమున అరబ్బు ఆటగాండ్రును గుఱ్ఱమును పలకయంతట త్రిప్పు విద్యను సాధించిరి. కాబట్టి ఎవరు ముందనెడి వాదమునకు నేను దిగను. కాని అక్షరమును, గతిని, ఆకృతిని ఒకే పలకపై కలిపినవారు మనవారు. ఈ తోరణగల్లు సీమను కూడ ఏలిన కల్యాణి చాళుక్యులలో భూలోకమల్ల సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో చదరంగమునకు ఒక ప్రకరణమే కేటాయించెను.

ఈ విద్యకు పరాకాష్ఠ వేదాంతదేశికులు. వారి పాదుకాసహస్రమున చిత్రపద్ధతి యను భాగములో రెండు శ్లోకములున్నవి. మొదటిదానిని నాలుగు వరుసలుగా వ్రాసి గుఱ్ఱపు నడకతో చదివిన రెండవ శ్లోకము వెలువడును. రెండును శ్రీరంగనాథుని పాదుకలను గూర్చినవే. ఆ నడక క్రమమును ఇచ్చట అంకెలలో చూపుచున్నాను. చదువరులు కాగితముపై గళ్లు గీసికొని 1 నుండి 32 వఱకు గీతతో కలిపిన గాని నా వాదము వారికి అందదు.

1 – 30 – 9 – 20 – 3 – 24 – 11 – 26
16 – 19 – 2 – 29 – 10 – 27 – 4 – 23
31 – 8 – 17 – 14 – 21 – 6 – 25 – 12
18 – 15 – 32 – 7 – 28 – 13 – 22 – 5

గీత గీచినవారికి మొదట కనబడునది యిది. 1, 2, 3, 4 అని పై రెండు వరుసలలో గీత ఎగుడుదిగుడుగా తోరణమువలె వ్రేలాడుచు కుడివైపునకు పోవును. 5, 6, 7, 8 అని క్రింది రెండు వరుసలలో అటులనే తిరిగివచ్చును. ఈ ఎనిమిది గళ్లున్న కాగితమును తలక్రిందులు చేసినను అవే గళ్లు నిలుచును. 9 నుండి 16 వఱకు మఱియొక తోరణము, దానికిని అదే గుణము. ఆ పిదప గీత చిక్కువడి, మధ్యకు చొచ్చి, 32వ గడి యొద్ద ఆగును. ఆగినచోటు కూడ యాదృచ్ఛికము కాదు. దాని క్రింద ఇట్టిదే మఱియొక సగము పలకను చేర్చిన, 32వ గడి నుండి ఆ రెండవ సగపు మొదటి గడికి గుఱ్ఱమునకు ఒక్కటే అడుగు. అనగా అదే శ్లోకమును రెండుమార్లు పఱచిన 64 గళ్లును నిండును. నా చిన్ననాట మా ఊరి అరుగుపై బొగ్గుతో గళ్లు గీసి, అడుగుపెట్టిన గడిలోనెల్ల చింతగింజ పెట్టుచు, ఏ గడియు మిగులకుండ గుఱ్ఱమును త్రిప్పుటకు పెద్దలు పందెములు వేయుచుండిరి. మూలలను ముందు ముగింపుమని వారు చెప్పెడివారు. మూలగడికి దారులు రెండే. నడుమనున్న గడికి ఎనిమిది. ఆ సలహాకు శాస్త్రమున్నదని నాకు తరువాత తెలిసినది.

ఆలంకారికులు ఈ బంధకవిత్వమును మెచ్చలేదు. రుద్రటుని కాశ్మీరముననే, అదే శతాబ్దమున, ఆనందవర్ధనుడు ధ్వని లేని చిత్రము కావ్యము కాదనియు, కావ్యమునకు అనుకరణమనియు త్రోసివేసెను. మమ్మటుడు దానిని అధమకావ్యముల జాబితాలో చేర్చెను. తెలుగున నంది తిమ్మన పారిజాతాపహరణపు పంచమాశ్వాసమున బంధములు కూర్చినప్పుడు, గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసమును చిత్రకవిత్వముతో నింపినప్పుడు, మన విమర్శకులు పెదవి విఱిచిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. బంధమునకై వ్రాసిన పద్యములలో పెక్కింట ప్రాణముండదు. అక్షరముకొఱకు అర్థమును బలియిచ్చిన చోటులు అడుగడుగునను కలవు. పారిజాతాపహరణపు సత్యభామను మఱచి అందలి నాగబంధమును ఎవ్వడు తలచుకొనును?

కాని ఆ విమర్శకులందఱును చెవితో తూచిరి. కంటితో తూచినవారు లేరు. ఆ విద్యకు చిత్రమను పేరు ఊరక రాలేదు. శబ్దమును తీసివైచి గీతను మాత్రము నిలిపిన, ఆ కాగితముపై మిగులునది ఏమి? గుఱ్ఱపు తల లేదు, డెక్క లేదు, జూలు లేదు. అయినను దానిని గీచినది గుఱ్ఱము. ఏనుగునకు ఆ గీత రాదు, శకటమునకు రాదు. నిషాపూరు పనివాడు గుఱ్ఱపు రూపమునుండి సారము తీసెను. మన బంధకవి గుఱ్ఱపు గతినుండి సారము తీసెను. రెండవది మొదటిదానికంటె కఠినమైన నైరూప్యమని నా నమ్మకము.

ఇచ్చట ఒక హద్దు పాటింపవలెను. రుద్రటుడు గాని దేశికులు గాని ఆ గీతను చూచుటకై గోడపై వ్రేలాడదీయుడనలేదు. వారికి అది చదువుటకు దారి, భక్తికి లేదా పాండిత్యమునకు పరీక్ష. పూర్వులు నేటి చిత్రకళను ఎఱిగియుండిరనుట గర్వమునకు ఇంపుగా నుండును గాని చరిత్ర కాదు. గీత చిత్రముగా చూడబడుటకు మఱి కొన్ని శతాబ్దులు పట్టినవి. ఆ అడుగు వేసినవాడు మైసూరు రాజైన మూడవ కృష్ణరాజ ఒడయరు.

ఈయన కథ జాలిగొలుపును. 1799లో టిప్పు పడిన పిదప ఐదేండ్ల బాలుని ఆంగ్లేయులు సింహాసనముపై కూర్చుండబెట్టిరి. 1831లో వారే పాలనమును అతని చేతినుండి తీసికొనిరి. 1868లో చనిపోవు వఱకు ఆయన రాజ్యములేని రాజు. ఆ సుదీర్ఘమైన తీఱికలో ఆయన ఆటలను శోధించెను; క్రొత్త పలకలను, క్రొత్త పావులను కల్పించెను. గుఱ్ఱమును 64 గళ్లపై త్రిప్పుచు, అడుగుల సంఖ్యలను గళ్లలో వ్రాసిన ఏ అడ్డవరుసను కూడినను, ఏ నిలువువరుసను కూడినను 260 వచ్చునట్లు ఒక సంచారమును సాధించెను. ఇట్టివి సులభముగా దొరకవు. గుఱ్ఱము బయలుదేఱిన గడికే తిరిగివచ్చు సంచారములను దిక్కును బట్టి వేర్వేఱుగా లెక్కించిన 26 లక్షల 53 వేల 472 కోట్ల 88 లక్షల 21 వేల 64 కలవు. అడ్డముగను నిలువుగను 260 వచ్చునవి, ముగింపు ఎచ్చటనైనను, 140 మాత్రమే. మూలకొలతలు కూడ 260 వచ్చునది ఒక్కటియు లేదని 2003లో గణకయంత్రములు తేల్చినవి. రాజు తన సంచారములను పట్టుపై అచ్చొత్తించెను. 1861లో కట్టిన మైసూరు జగన్మోహన ప్రాసాదపు గోడలపై ఆయన ఆటల పటములు రంగులతో చిత్రింపబడినవి. దేవతల పటముల సరసన, వంశవృక్షపు పటము సరసన, గళ్లు, గీతలు, అంకెలు నిలిచినవి. చదువుటకు కాక చూచుటకు. నిజమైన గుఱ్ఱపు దండు చేతినుండి జాఱిపోయిన రాజు, గుఱ్ఱపు నడకను మాత్రము గోడపై నిలుపుకొనెను. దీనిని ప్రతీకాత్మక చిత్రమనక మఱేమనవలెను?

పడమటి దేశములలో ఈ గీత గణితజ్ఞుల చేత పడినది. ఆయిలరు 1759లో గుఱ్ఱపు సంచారముపై ప్రబంధము వ్రాసెను. చిత్రకారులు ఆలస్యముగా వచ్చిరి. ఫ్రాన్సున మార్సెల్ డ్యూషాంపు 1911లో చదరంగమాడు తన సోదరులను చిత్రించి, మఱుసటి సంవత్సరము ఆటగాండ్రను విడిచి పావులనే పట్టెను. 'వేగవంతమైన నగ్నాకృతులు చుట్టుకొనిన రాజు, రాణి' అను ఆ చిత్రము నేడు ఫిలడెల్ఫియా ప్రదర్శనశాలలో నున్నది. అందు కిరీటము లేదు, ముఖము లేదు. యంత్రభాగములవంటి రెండు స్తంభములు కదలక నిలుచును; వాని నడుమ వేగము ప్రవాహమై పోవును. కదలలేని రాజు, చుట్టును కదలిక: ఆట తెలిసినవానికి ఇంతకంటె వివరణము అక్కఱలేదు. డ్యూషాంపు తరువాత చిత్రలేఖనమును దాదాపు మాని, 1928 మొదలు 1933 వఱకు ఒలింపియాడులలో ఫ్రాన్సు పక్షమున చదరంగమాడెను. ఆయన మిత్రుడు మాన్ రే తాను చేసిన పావులలో ఫిడేలు కొసనుండు చుట్టను గుఱ్ఱముగా నిలిపెను. 1944 చివర న్యూయార్కులో జూలియన్ లెవీ చిత్రశాలయందు చదరంగమే వస్తువుగా కళాకారులందఱు కలసి ఒక ప్రదర్శనము జరిపిరి. వీరందఱి కృషియు నాకు గౌరవాస్పదమే. కాని వారు పట్టినది ఎక్కువగా పావు ఆకారము లేదా వేగపు అనుభూతి. నడకయొక్క నియమమునుండి గీత పుట్టుట మన పట్టుబట్టపై అంతకు పూర్వమే జరిగినది.

మన చిత్రకారులలో ఈ రెండు దారులకు సమీపమునకు వచ్చినవారు ఇద్దఱు. కరీంనగరపు సీమలో అన్నారమున 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డిగారు బొంబాయిలో చదివి, హైదరాబాదున స్థిరపడి, నడివయస్సు దాటిన పిదప తంత్రశాస్త్రపు యంత్రములను, బిందు త్రికోణములను తమ చిత్రములకు ఎక్కించిరి. ఇంటి గోడలపై ఎఱిగిన ముగ్గు, పూజాగృహపు యంత్రము చిత్రమగుటకు అవరోధమేమియు లేదని వారి పని చూపినది. గుడివాడలో 1936లో జన్మించిన ఎస్. వి. రామారావుగారు మద్రాసున పణిక్కరుగారి యొద్ద చదివి, 1962లో లండను వెడలి, పిదప అమెరికాలో స్థిరపడి శుద్ధనైరూప్యమున పేరుగాంచిరి. 2001లో పద్మశ్రీ పొందిరి. 2002లో గ్రాండ్ మాస్టరైన కోనేరు హంపి కూడ గుడివాడ బిడ్డయే. రంగును, పావును ఒకే ఊరు పంచిపెట్టుట కాకతాళీయమే. అయినను చెప్పక ఉండలేకపోతిని. తుమ్మపూడి సంజీవదేవుగారు ఉన్న దినములలో ఇట్టి చిత్రములను మన పాఠకులకు తెలుగు మాటలలో విప్పిచెప్పుచుండిరి. 1999లో వారు పోయిన పిదప ఆ పీఠము ఖాళీగనే యున్నది. 'ఇందులో బొమ్మ యేది?' అను ప్రశ్నకు బదులు చెప్పువారు తగ్గుటయే గాని, ప్రశ్నలో దోషము లేదు.

మరల హంపికి వత్తము. అచ్చటి మండపముల నేలపైనను, దారిప్రక్క బండలపైనను, గుడిముంగిటి రాళ్లపైనను చెక్కిన ఆటగళ్లు కలవు. చూచుటకు వచ్చువారు శిల్పములవంక తల యెత్తి నడచుచు వానిని త్రొక్కిపోవుదురు. ఆ గళ్లను రాజు చెక్కింపలేదు. కాపలావాడో, రాయి మోసి అలసినవాడో, ప్రసాదమునకై కూర్చున్న యాత్రికుడో చెక్కియుండును. గుంటల పీటలున్నవి, పచ్చీసు గళ్లున్నవి, పులిజూదపు గీతలున్నవి. పులిజూదపు పటమును ఒకమాఱు చూడుడు. ఒక త్రిభుజము, కొననుండి దిగు గీతలు, వానిని కోయు అడ్డగీతలు. కొనలో పులులు మూడు, క్రిందినుండి ఎక్కు మేకలు పదునైదు. అది కొండ. కొండ అని చెప్పక చెప్పిన కొండ. విద్యానగరపు చిత్రశాలకు వచ్చు యువకులు ఒక పూట హంపికి పోయి, ఈ గళ్లపై పలుచని కాగితము పఱచి బొగ్గుతో రుద్ది అచ్చులు తీసి, చోటును కొలతలను గుర్తించి, ఒకచోట భద్రపఱచిన ఎంత మేలగును! పని పెద్దది కాదు. రెండు మూడు వానకాలములు గడచిన కొన్ని గీతలు చేతికి తగులును గాని కంటికి కనబడవు. విరూపాక్షాలయము ప్రక్క ఒక బండపై క్రిందటిసారి నేను చూచిన త్రిభుజమునకు ఎడమ భుజము అప్పటికే అరిగి, కుడి భుజము మాత్రము మిగిలియుండెను.